ఎదురుగాలి స్టేజి

పని గది, కిటికీ పక్కన
చలి ఇంకా తగ్గలేదు

బామ్మర్దికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండోసారి చదివినా ఒళ్ళు మంట తగ్గలేదు. మహారాణి అంటే నీకెందుకంత కడుపుమంట? మూడు వారాల సైకిల్ పోటీని నాలుగుసార్లు గెలిచిన మనిషి ఆవిడ. రోజుకో స్టేజి చొప్పున మూడు వారాలు తొక్కినదంతా కలిపి చూస్తే ఎవరికి తక్కువ సమయం పడుతుందో వాళ్ళదే నారింజ చొక్కా. అంతకు మించి లెక్క ఏముంది? "ఆ నాలుగు పోటీల్లో కలిపి ఆవిడ గెలిచిన స్టేజి ఒక్కటే" అని రాశావు. ఒక్కటైతే ఏం? నీ మెరుపు ఉందే, రోజు మార్చి రోజు చేతులు పైకెత్తి గీత దాటుతుంది, ఫొటోలకు నవ్వుతుంది. కొండ కనబడగానే ఎక్కడో వెనక, వెనకబడ్డవాళ్ళను ఏరుకొచ్చే చీపురు బండి పక్కన తేలుతుంది. ఒక పూట గెలవడం గొప్పా, మూడు వారాలు ఏలడం గొప్పా?

నా కూతురు ఆవిడ జట్టులో ఉంది కాబట్టి వెనకేసుకొస్తున్నానని కూడా రాశావు. అవును, ఉంది. ఎనిమిదేళ్ళుగా మన పిచ్చుక మహారాణి ముందు తొక్కుతూ గాలిని తన మీద వేసుకుంటోంది. జట్టు కారు దగ్గరకు వెళ్ళి నీళ్ళ సీసాలు వీపు నిండా కుక్కుకుని తెచ్చిస్తోంది. దాని పేరు ఏ రోజూ గెలిచినవాళ్ళలో రాలేదు. రాకపోతే రాలేదు. నారింజ చొక్కా నాలుగుసార్లు వచ్చిందంటే అందులో దాని ఊపిరి ఉంది. ఈ మాట నీ బుర్రకెక్కే దాకా రాస్తూనే ఉంటాను.

ఒప్పందం గుర్తుందిగా. పోటీ రోజుల్లో ఫోన్లు లేవు, ఉత్తరాలే. నువ్వు బస్సు దిగి, రికార్డయిన స్టేజి చూసే లోపల నేను ఫోన్ చేసి వాగేస్తానని నీ భయం. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా తెలుసు కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఎప్పటిలాగే ఉత్తరం మీ డిపో బస్సుకే అందిస్తాను. కవరు మీద ఏ స్టేజి చూశాక విప్పాలో రాస్తాను.

ఇంకో సంగతి. ఇంటి దగ్గర తొక్కే సైకిల్ సీటును పిచ్చుక ఏటా చలికాలంలో ఊడదీసి నా ముందు పెట్టేది, నేను కొత్త తోలు వేసేవాణ్ణి. ఇన్ని సోఫాలు, కుర్చీలు చేసినా నాకు ఇష్టమైన పని అదే. ఈసారి "వద్దులే నాన్నా, ఇలాగే ఉండనీ" అంది. నీ బస్సులోనే కదా వెళ్ళింది. దారిలో ఏమైనా అందా?

మీ అక్క బాగుంది. నిన్ను అడిగానని రాయమంది.

బావ

·

డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది

బావగారికి నమస్కారాలు,

మీ కోపం కవరు అంటించిన చోటు దగ్గరే తెలిసింది. బంకంతా పైకి వచ్చేసింది.

ఏలడం, గెలవడం అని పెద్ద మాటలు రాశారు. నాకు తెలిసింది నేను రాస్తాను. బస్సును పెద్ద లారీ వెనక పెడితే స్టీరింగు చేతిలో తేలికవుతుంది, బండి దానంతట అదే పోతున్నట్టుంటుంది. లారీ పక్కకు తప్పుకున్న క్షణంలో గాలి వచ్చి ముఖాన కొడుతుంది. మీ మహారాణి మూడు వారాలూ లారీ వెనకే కూర్చుంటుంది. చివరి కొండ మీద, చివరి కాస్త దూరం మాత్రం ముందుకొస్తుంది. దానికి నారింజ చొక్కా, పూలగుత్తి, పాట. మెరుపు అలా కాదు. పొద్దున్నే "ఈ రోజు నాది" అనుకుంటుంది, సాయంత్రానికి తనది చేసుకుంటుంది. రేపటి సంగతి రేపు. నాకు అలాంటి మనిషే నచ్చుతుంది, ఏం చేయను.

పిచ్చుక ముందు సీట్లో కూర్చుంది. కాసేపు కబుర్లు చెప్పింది, కాసేపు కునుకు తీసింది. మా కండక్టరు దాన్ని గుర్తుపట్టి టికెట్ వెనక సంతకం పెట్టించుకున్నాడు. దిగేటప్పుడు మోకాలు పట్టుకుని మెట్లు దిగింది, చలికి బిగుసుకుందట. అంతే. ఇంకేమీ అనలేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. అది ఒక్క స్టేజి గెలిస్తే మీకు చూడాలని లేదా? ఒకే ఒక్కటి. తెర మీద దాని ముఖం, కింద దాని పేరు. నారింజ చొక్కాలో దాని ఊపిరి ఉందని మీకూ నాకూ తెలుసు. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళకు తెలుసా?

అక్కకు నమస్కారాలు చెప్పండి.

మీ బావమరిది

·

పని గది
ఎండ మొదలైంది

బామ్మర్దీ,

కోపం తెచ్చుకోవద్దని రాసి మరీ తెప్పించావు.

నా ముందు ఒక కుర్చీ ఉంది. వకీలు గారిది, తాతల నాటి కొయ్య. ఆకుపచ్చ మఖమలు వేయమన్నారు. వచ్చినవాళ్ళందరూ మఖమలు మీద చెయ్యి రాసి "అబ్బ, ఎంత బాగుంది" అంటారు. దాని కింద నేను లాగి కట్టిన పట్టీలను ఎవరూ చూడరు. పట్టీ తెగితే మాత్రం అందరికీ తెలుస్తుంది, ఎందుకంటే కూర్చున్నవాడు కిందికి పోతాడు. పిచ్చుక పని అలాంటిది. దానికి లేని బాధ నీకెందుకు?

నిజానికి నాకు కుతూహలంగా ఉంది. ఏటా నువ్వు మెరుపు కోసం వాదించేవాడివి. ఈ ఏడాది మెరుపును నాలుగు వాక్యాల్లో తేల్చేసి పిచ్చుక దగ్గరకు వచ్చావు. నువ్వు అబద్ధం ఆడేటప్పుడు వాక్యాలు చిన్నవైపోతాయని మీ అక్క ఎప్పుడూ అంటుంది. "అంతే. ఇంకేమీ అనలేదు" అని రాశావు. ఎన్ని గంటలు పట్టే ప్రయాణం అది! నోటికి తాళం వేసుకుని కూర్చునే పిల్లా అది? నాతో చెప్పొద్దన్న మాట ఏదో నీతో చెప్పింది. అడగనులే. నువ్వు చెప్పవని తెలుసు. చెబితే నువ్వంటే నాకున్న గౌరవం తగ్గుతుంది, చెప్పకపోతే నిద్ర తగ్గుతుంది.

పోటీ వచ్చే వారమే మొదలు. పని గదిలో టీవీ సర్దాను. ఎప్పటిలాగే రోజుకో గిరాకీ కుర్చీలో కూర్చుని చూస్తాను. పని అయినట్టూ ఉంటుంది, స్ప్రింగు పరీక్షించినట్టూ ఉంటుంది. మీ అక్క ఎప్పటిలాగే గుమ్మం దాటి లోపలికి రాదు. స్టేజి అయిపోగానే వచ్చి "పడలేదు కదా?" అని అడుగుతుంది, లేదనగానే వెళ్ళిపోతుంది. ఎనిమిదేళ్ళలో ఇంకో ప్రశ్న వేయలేదు మహాతల్లి.

బావ

·

డిపో
పోటీ మొదటి వారం అయ్యాక

బావగారికి,

చూశారా, చూశారా! మెరుపు అప్పుడే రెండు కొట్టేసింది. ఆ రెండోదైతే మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. గోడ పక్క సందులోంచి ఎలా దూరిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. బస్సుతో అలా దూరితే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. మీ మహారాణి మాత్రం ఎప్పటిలాగే ఏడో స్థానం, తొమ్మిదో స్థానం, మళ్ళీ ఏడో స్థానం. నారింజ చొక్కా మాత్రం ఒంటి మీదే. ఎలా వచ్చిందో దొంగలకే తెలియాలి.

తమాషా పక్కన పెడితే, నాలుగో రోజు కొండ మీద పిచ్చుకను చూశారా? మహారాణి ముందు కూర్చుని ఆ వేగం ఏమిటి! వెనకవాళ్ళు ఒక్కొక్కరే ఎండుటాకుల్లా రాలిపోయారు. కెమెరా దాన్ని చూపించింది ఎంతసేపని? మా కండక్టరు పక్కన కూర్చుని "మీ కోడలు తప్పుకుంటే గానీ మహారాణి కనబడదు" అన్నాడు. అన్నది వెక్కిరింపుగానే. నాకు మాత్రం ఎంతో గర్వంగా అనిపించింది. ఆ వెంటనే పాపం అనిపించింది.

మిగిలిన రెండు వారాల్లో దానికి ఒక్క రోజు వదిలిపెడితే వాళ్ళ సొమ్మేం పోయింది? ఈ ఒక్క ఏడాదే కదా

పై వాక్యం కొట్టేశాను. మీరు వెలుతురుకు పెట్టి చదువుతారని తెలుసు. చదవకండి.

మీ బావమరిది

·

పని గది
(పదిహేనో స్టేజి చూశాకే విప్పు)

బామ్మర్దీ,

చూశావు కదా. నేనేం రాయను?

ఇన్నేళ్ళు నోరు నొప్పెట్టేలా వాదించాను. ఇవాళ నా నోటి నుంచి నేనెప్పుడూ అనుకోని మాట వచ్చింది. చేతిలో కత్తెర ఉందని కూడా గుర్తు లేదు. వకీలు గారి మఖమలు నడిమికి తెగింది. మీ అక్క పరుగెత్తుకొచ్చి "పడలేదు కదా?" అంది. లేదన్నాను. ఆమె నా ముఖం చూసి, తెగిన బట్ట చూసి, మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

ఇవాళ ఇంతకంటే రాయలేను.

బావ

·

డిపో, రికార్డింగ్ డబ్బా ముందు

బావగారూ,

కొంప మునిగింది.

నేను చూడలేదు. అంటే చూశాను, చివర చూడలేదు. ఆ రోజంతా ఎదురుగాలి కదా, అందరూ ఆలస్యంగా వచ్చారు. నా డబ్బాకు అది ఎలా తెలుస్తుంది? పోటీ ఎన్నింటికి ముగుస్తుందని పేపర్లో వేశారో సరిగ్గా అప్పుడే ఆగిపోయింది. మామూలుగా గంట అదనంగా పెట్టేవాణ్ణి. ఆ రోజు పొద్దున బస్సుకు వేళవుతోందని హడావిడిలో మరిచిపోయాను. ఇంత వయసు వచ్చి, ఇన్నేళ్ళు బస్సు నడిపి, ఎదురుగాలికి ఆలస్యమవుతుందని నాకు తట్టకపోవడమేమిటి!

నేను చూసిందింతే. తడి రోడ్డు. పొద్దున ముందుకు దూకిన అయిదుగురిలో మన పిచ్చుక ఉంది. ఒక్కొక్కరూ అలసిపోయి వెనకబడ్డారు. పిచ్చుక ఒక్కతే మిగిలింది. ఇంకా పది కిలోమీటర్లు. వెనకవాళ్ళు ఎక్కడో ఉన్నారు. తెర మీద దాని ముఖం, కింద దాని పేరు. బావగారూ, దాని పేరు! నేను లేచి నిలబడ్డాను. అంతలో తెర నల్లబడిపోయింది.

మీ ఉత్తరం విప్పాను, అందులో ఉంటుంది కదా అని. "చూశావు కదా, నేనేం రాయను" అని ఉంది. ఒక మఖమలు తెగిందని ఉంది. సంతోషం పట్టలేక తెగిందా, ఏడుపు పట్టలేక తెగిందా? మంచినీళ్ళు ఎందుకిచ్చింది అక్క? అక్కకే ఫోన్ చేశాను. "పడలేదురా" అని పెట్టేసింది. కండక్టరుకు తెలుసు. స్టేజి గురించి నా ముందు నోరు విప్పితే బస్సు దింపేస్తానని మొదట్లో బెదిరించాను కదా, ఇప్పుడు బతిమాలినా పెదవి విప్పడం లేదు. నా వంక జాలిగా చూస్తున్నాడు. జాలిగా చూస్తున్నాడంటే ఏమనుకోవాలి? పేపర్లో చూడవచ్చు. చూడబుద్ధి కావడం లేదు. ఇది తెలియనిదే తర్వాతి స్టేజీలు కూడా పెట్టను. ఎవరో తెలియనివాడు రాసిన మూడు లైన్లలో నా కోడలి సంగతి తెలుసుకోవాలా? మీరు చెప్పాలి.

ఇక నా కడుపులో దాచుకుని లాభం లేదు. ఇదే దాని ఆఖరి ఏడాది. మోకాళ్ళు సహకరించడం లేదు. బస్సులో చెప్పింది. "నాన్నకు పోటీ అయ్యాక నేనే చెప్తాను మావయ్యా, ఇప్పుడే తెలిస్తే నాన్న నా మోకాలు తప్ప ఇంకేమీ చూడడు" అంది. నేను ఒట్టేశాను. ఇంకో మాట కూడా జరిగింది. "ఎప్పుడైనా నేను ముందున్నప్పుడు వెనక్కి రమ్మంటే ఏం చేయమంటావ్?" అని అడిగింది. "ఆగకు. జట్టు కారులోంచి చెవిలో ఎవరేమన్నా వినబడనట్టు తొక్కు" అని చెప్పాను. చెప్పి మంచి పని చేశానో, చెడ్డ పని చేశానో మీ తిరుగు ఉత్తరం వస్తే గానీ తెలియదు.

ఏం జరిగింది బావగారూ?

మీ బావమరిది

·

పని గది

బామ్మర్దీ,

పోటీ అయ్యేదాకా ఈ ఉత్తరం రాయలేకపోయాను. నీ కొట్టేసిన వాక్యం వెలుతురుకు పెట్టి చదివాను. అయినా నాకు అంతకు ముందే తెలుసు. సీటుకు తోలు వద్దంది కదా, అప్పుడే తెలిసింది. ఎక్కే ఉద్దేశం ఉన్నవాళ్ళెవరూ పాత సీటు అలాగే ఉండనీ అనరు. ఈ ఏడాది నేను నీతో అంతగా వాదించింది అందుకే. ఒక్క స్టేజీ లేకుండా ఆపేయబోతోంది. "ఇన్నేళ్ళు ఏం సాధించావు?" అని ఎవరైనా అడిగితే దాని దగ్గర ఒక జవాబుండాలని, ఆ జవాబు నేనైనా తయారు చేసి పెట్టాలని అనుకున్నాను. నీకు రాసినవన్నీ దానికి చెప్పాలనుకున్న మాటలే.

ఇప్పుడు విను. నీ తెర నల్లబడిన కాసేపటికే వెనక మహారాణి పడిపోయింది. వంపులో తడికి చక్రం జారింది. చొక్కా భుజం దగ్గర చిరిగి, మోచెయ్యి నెత్తురు కారుతుండగా లేచి సైకిల్ ఎక్కింది. ఆవిడతో ఉన్న గుంపు వెళ్ళిపోయింది. నారింజ చొక్కా కోసం కాచుకున్నవాళ్ళందరూ ఆ గుంపులోనే ఉన్నారు, ఇదే అదనని మరింత వేగం పెంచారు. ఎదురుగాలిలో మహారాణి ఒంటరి. ముందేమో మన పిచ్చుక ఒంటరి.

కెమెరా పిచ్చుక మీదకు వచ్చింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఒకసారి వెనక్కి చూసింది. కాళ్ళు ఆపేసింది.

నేను వకీలు గారి కుర్చీ మీంచి లేచి "ఆగకు! ఆగకమ్మా! తొక్కు!" అని అరిచాను. నేనే బామ్మర్దీ. ఏలడమే గొప్ప అని ఎనిమిదేళ్ళు నీతో కొట్లాడినవాణ్ణి. మహారాణి పోతే పోనీ, చొక్కా పోతే పోనీ, నువ్వు పో అని గొంతు చించుకున్నాను. ఆ ఊపులోనే కత్తెర దిగింది.

అది ఆగింది. సైకిల్ దిగలేదు, రోడ్డు పక్కన మెల్లగా ఉత్తినే దొర్లుతూ వచ్చింది. గుంపు దాన్ని దాటిపోయింది. స్టేజి నీ మెరుపే గెలిచింది, పండగ చేసుకో. మహారాణి రాగానే పిచ్చుక ఆవిడ ముందుకొచ్చి, తల వంచి, ఆ గాలిలో ఈడ్చుకుపోయింది. గీత దాటేసరికి మహారాణికి చొక్కా మిగిలింది, వెంట్రుకవాసిలో. మిగిలిన రోజులు కూడా కాపాడుకుంది. అయిదోసారి గెలిచింది. వేదిక మీద ఎవరెవరికో ధన్యవాదాలు చెప్పింది. మన పిల్ల పేరు కూడా చెప్పింది, పలకడం సరిగ్గా రాలేదు.

నా పక్షం గెలిచింది. నాకు ముద్ద దిగడం లేదు.

ఒకటి నన్ను తొలిచేస్తోంది. భోజనాల దగ్గర దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదే ఊదరగొట్టాను. జట్టు ముందు, నువ్వు తర్వాత, చొక్కా ముందు, స్టేజి తర్వాత అని. అది విని ఆగిందా? ఉన్న ఒక్క రోజునూ నా మాట కోసం వదిలేసుకుందా? నేను అడగలేను. అడిగితే నన్ను బాధపెట్టకూడదని ఏదో ఒకటి చెబుతుంది. ఈ వారం నీ బస్సులోనే ఇంటికి వస్తోంది. నువ్వడుగు. ఏం చెబితే అది, ఉన్నదున్నట్టు రాయి. తియ్యగా చేసి రాయకు. నీ వాక్యాలు చిన్నవైతే నాకు తెలిసిపోతుంది.

బావ

·

డిపో, మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు,

వాక్యాలు పొడుగ్గానే రాస్తున్నాను, లెక్క చూసుకోండి.

పిచ్చుక నిన్న ఇక్కడ దిగింది. రేపు పొద్దున్న బస్సుకు మీ దగ్గరకు పంపిస్తున్నాను, ఈ ఉత్తరం దాని కంటే ముందు బస్సులో వస్తుంది. టీ తాగించి, కండక్టరును బయటకు తరిమి, సూటిగా అడిగాను. "ఆగింది ఎవరి మాట విని? మీ నాన్న మాటా?" అని.

అది ముందు నవ్వింది. "మీ ఇద్దరికీ ఎంత అహం మావయ్యా! ఆ గాలిలో, ఆ వానలో నాకు మీరు గుర్తొస్తారా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి రమ్మని కారులోంచి ఎవరూ చెప్పలేదట. మహారాణి పడిందని మాత్రం చెప్పి, "నీ ఇష్టం" అన్నారట. అది దాని ఆఖరి పోటీ అని వాళ్ళకు తెలుసు కదా. చెవిలో వినబడింది ఆ రెండు మాటలే.

"మరి ఎందుకాగావే?" అన్నాను.

కప్పు పక్కన పెట్టింది. అప్పుడు చెప్పిన మాట, అది చెప్పినట్టే రాస్తున్నాను. "ఆవిడ కోసం ఆగలేదు మావయ్యా. ఆ చొక్కాలో సగం నాది. ఎనిమిదేళ్ళు నేను నేసిన చొక్కా అది. రోడ్డు మీద చిరిగిపోతుంటే చూస్తూ పోలేకపోయాను. వేరేవాళ్ళదైతే పోయేదాన్ని."

"స్టేజి కావాలని లేదా?" అని అడిగాను. "ఎందుకు లేదూ! చచ్చేంత ఉంది. జట్టు బస్సెక్కాక వెక్కి వెక్కి ఏడ్చాను. రెండూ నిజమే" అంది. నేను ఆగకు అని చెప్పిన సంగతి గుర్తుందా అంటే, "నువ్వు చెప్పావా?" అంది. ఇదీ బావగారూ మన పలుకుబడి. ఇన్నేళ్ళు కవర్లు చింపుకుని కొట్లాడుకున్నాం. దానికి మన వాదన ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయింది. మీరు నిశ్చింతగా అన్నం తినండి.

తర్వాత నా డబ్బాలో ఉన్నంత వరకూ చూపించమంది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం. తడి రోడ్డు, ఒంటరిగా అది, కింద పేరు. తెర నల్లబడింది. "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను. చాలాసేపు నవ్వింది. "చెరపకు మావయ్యా, ఇందులో నేనింకా ముందే ఉన్నాను" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, ఎవరికీ చెప్పకండి.

మీరు ఆగకు అని అరిచిన సంగతి నేను చెప్పలేదు. అది మీరే చెప్పుకోవాలి.

మీ బావమరిది

·

పని గది, గుమ్మం దగ్గర

బామ్మర్దీ,

వచ్చింది. మోకాలి సంగతి తనే చెప్పింది, నాకు తెలుసని నేను చెప్పాను. "సీటు చూసి కనిపెట్టావా!" అని నోరు తెరిచింది. ఆకుపచ్చ మఖమలు తెగి ఉన్న కుర్చీని చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆగకు అని అరిచానని చెప్పాను. "నువ్వా? మహారాణి పోతే పోనీ అన్నావా? నువ్వా నాన్నా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అడిగిన ప్రతిసారీ అవునన్నాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వకీలు గారి కుర్చీకి వేరే బట్ట వేస్తున్నాను. తెగిన మఖమలుతో పిచ్చుక సైకిల్‌కు సీటు చేశాను. వద్దంటుందేమోనని అడక్కుండానే బిగించేశాను. సైకిల్ సీటుకు మఖమలు ఏమిటని వీధంతా నవ్వుతోంది, నవ్వనీ. మెల్లగా అయితే తొక్కవచ్చని డాక్టరు చెప్పాడట.

నిన్న సాయంత్రం నన్ను కూడా బయల్దేరదీసింది. నా పాత సైకిల్ తుడిచి ఎక్కాను. రైలు గేటు దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాం. గాలి ఎదురు తిరిగింది. రెండు తొక్కులకే నాకు ఆయాసం వచ్చింది. అది నా ముందుకు వచ్చింది. "నా చక్రం వెనకే ఉండు నాన్నా, దగ్గరగా" అంది. ఉన్నాను. బామ్మర్దీ, గాలి ఆగిపోయింది. ఎవరో తలుపు మూసినట్టు చెవుల్లో హోరు పోయింది. నువ్వు లారీ వెనక బస్సు అని రాస్తే చదివి నవ్వుకున్నాను. ఇన్నేళ్ళు టీవీలో చూసి, గొప్పగా వాదించి, అది నా ఒంటికి తెలిసింది నిన్ననే. నా కూతురు వీపు చూస్తూ వీధి చివరి దాకా వచ్చాను. దాని చొక్కా గాలికి టపటపా కొట్టుకుంటోంది, నాది కదలడం లేదు. ఏడుపొచ్చింది.

ఇంటి దగ్గరకు రాగానే అది కాస్త పక్కకు జరిగింది. నాకేం తెలుసు, నా ఊపులో నేను తొక్కుకుంటూ గేటులోకి వచ్చేశాను. మీ అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"పడలేదు కదా?" అంది.

లేదన్నాం ఇద్దరం. లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ ఎనిమిదేళ్ళలో మొదటిసారి రెండో ప్రశ్న వేసింది.

"ఎవరు ముందొచ్చారు?"

నేను నోరు తెరిచే లోపలే పిచ్చుక చెప్పేసింది, "నాన్నేనమ్మా" అని.

ఆ స్టేజి ఎవరిదో నువ్వే తేల్చు. నేను ఈసారి వాదించను.

బావ